అంతరిక్ష కేంద్రం నెత్తి మీదుగా వెళ్ళిందని యాప్ చెప్పింది, మాకెందుకు కనిపించలేదు?

కావలి నుంచి మీరు రాసిన ప్రశ్న క్లుప్తంగా ఇది. నాలుగో తరగతి చదివే మీ అబ్బాయి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని చూడాలని పట్టుబట్టాడు. ఫోనులో ఒక యాప్ పెట్టుకుని వరసగా మూడు రాత్రులు డాబా ఎక్కారు. మొదటి రోజు 10:40కి, రెండో రోజు 9:53కి, మూడో రోజు 9:06కి మీ ఊరి మీదుగా వెళ్తున్నట్టు యాప్‌లో బొమ్మ కదిలింది. ఆకాశంలో మబ్బు లేదు. అయినా ఏమీ కనిపించలేదు. ఇది అసలు కంటికి ఆనేదేనా, టెలిస్కోపు కొనాలా అని అడిగారు.

సూటిగా జవాబు చెబుతాను. కంటికి బ్రహ్మాండంగా కనిపిస్తుంది. టెలిస్కోపు అక్కర్లేదు, దీని కోసమైతే కొనవద్దు కూడా. ఆ మూడు రాత్రులూ అది నిజంగానే మీ ఊరి మీదుగా వెళ్ళింది. యాప్ అబద్ధం చెప్పలేదు, మీరూ తప్పు దిక్కుకు చూడలేదు. ఆ సమయంలో దాని మీద ఎండ లేదు, అంతే.

ఇంకో మాట చెబితే నొచ్చుకుంటారేమో గానీ, ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టి డాబా ఎక్కి ఉంటే దాదాపుగా చూసేవాళ్ళే. ఎందుకో కింద రాస్తాను.

ముందు నా సంగతి. నేను శాస్త్రవేత్తను కాను, మాస్టారినీ కాను. ఇందుకూరుపేట మండలంలో, మైపాడుకు కొంచెం ఇవతల, ఇరవై ఏళ్ళకు పైగా రొయ్యల గుంటలు చూసుకుంటున్నాను. రొయ్యల సాగు తెలిసినవాళ్ళకు నేను ఆకాశం ఎందుకు చూస్తానో వేరే చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు దాకా మాకు గండం. పగలంతా ఎండకు నీటిలోని నాచు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రంతా అదే నాచు ప్రాణవాయువు తినేస్తుంది. తెల్లవారేసరికి నీళ్ళలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. ప్రాణవాయువు కొలిచే మీటరు 4 కంటే కిందికి వచ్చిందంటే, నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు అన్నీ తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే రొయ్య నీటి పైకి తేలి గట్టు పట్టుకుంటుంది. కాబట్టి ఊరంతా నిద్రపోయే వేళ మేం మీటరు పట్టుకుని గట్ల మీద తిరుగుతుంటాం.

2011లో అలాంటి ఒక తెల్లవారుజామునే నేను దీన్ని మొదటిసారి చూశాను. చూసింది ఆకాశంలో కాదు, నీళ్ళలో. వనామీ రొయ్యల గుంటల్లో ఏరేటర్లు తిరుగుతుంటాయి కాబట్టి నీళ్ళు ఎప్పుడూ అల్లకల్లోలంగా ఉంటాయి. పక్కన నీరు నిలవబెట్టుకునే చెరువులో మాత్రం ఏరేటర్లు ఉండవు, గాలి లేని రోజు అది అద్దం. పడమటి వైపు తిరిగి మీటరు తీగ చుట్టుకుంటున్నాను. చుక్కల నీడలు కదలకుండా ఉన్న ఆ నీళ్ళలో, ఏమీ లేని చోట ఒక ఎర్రటి మచ్చ పుట్టింది. నేను తీగ చుట్టడం ఆపేలోపే అది తెల్లబడి, నా కాళ్ళ వైపు నడవడం మొదలుపెట్టింది. తల ఎత్తితే పైన వేగుచుక్కంత కాంతితో ఒక చుక్క నడిచిపోతోంది. చప్పుడు లేదు. కాపలా మనిషి నా కంటే ముందే చూశాడు. "అది అప్పుడప్పుడూ వస్తుందయ్యా, ఎవరికి చెప్పినా నమ్మరు" అన్నాడు. అతను ఎన్నేళ్ళుగా చూస్తున్నాడో అడగాలని నాకు అప్పుడు తోచలేదు.

ఆ రోజు నుంచి మీటరు లెక్కలు రాసే పుస్తకంలోనే చివరి గడిలో దీని సమయం, దిక్కు రాస్తూ వచ్చాను. ఇప్పుడు చెప్పేదంతా ఆ గడి నేర్పిన చదువే.

దానికి సొంత దీపం లేదు. లోపల దీపాలు ఉన్నా అవి ఇంత దూరానికి ఆనవు. మనకు కనిపించేది దాని సౌరఫలకాల మీద, గోడల మీద పడి తిరిగి వచ్చే ఎండ. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. మనకు చీకటి ఉండాలి, దానికి ఎండ ఉండాలి. రెండూ ఒకేసారి కుదిరే సమయం రోజుకు రెండుసార్లే వస్తుంది. పొద్దు గూకిన తర్వాత కొంతసేపు, పొద్దు పొడవక ముందు కొంతసేపు.

కృష్ణపట్నం దగ్గరి థర్మల్ కేంద్రం పొగగొట్టాలను సాయంత్రం పూట ఎప్పుడైనా గమనించారా? కింద మనకు సూర్యుడు మునిగిపోయాక కూడా వాటి కొనల మీద ఒకటి రెండు నిమిషాలు ఎర్రటి ఎండ నిలుస్తుంది. ఎత్తు మీద ఉన్నవాడికి పొద్దు ఆలస్యంగా గూకుతుంది. అంతరిక్ష కేంద్రం తిరిగేది సుమారు 400 నుంచి 420 కిలోమీటర్ల ఎత్తున. అంత ఎత్తున, సరిగ్గా మన నడినెత్తి మీద ఉన్న వస్తువుకు, మనకు సూర్యాస్తమయం అయ్యాక దాదాపు గంటా ఇరవై నిమిషాల దాకా ఎండ తగులుతూనే ఉంటుంది. ఆ తర్వాత అది కూడా భూమి నీడలోకి పోతుంది. పడమటి వైపు వాలి ఉన్న భాగానికి ఇంకొంచెం సేపు, తూర్పు వైపు ఉన్నదానికి ఇంకా తక్కువ సేపు.

దీన్ని మన గడియారంలోకి మార్చుకుంటే, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో చలికాలం సాయంత్రం సుమారు 6:10 నుంచి 7:15 దాకా, ఎండాకాలం 7:00 నుంచి 8:10 దాకా అసలైన వేళ. తెల్లవారుజామున 4:15 నుంచి 5:50 లోపు, కాలాన్ని బట్టి ముందూ వెనకా. రాత్రి ఎనిమిదిన్నర దాటాక యాప్ ఎంత ఊరించినా డాబా ఎక్కకండి. మీ 10:40, 9:53, 9:06 మూడూ ఈ లెక్కలో తప్పిపోయాయి.

ఒక శివరాత్రికి మా వీధిలో జాగరణ చేస్తున్న పిల్లలు అర్ధరాత్రి పన్నెండుకు నన్ను లేపి "అంతరిక్ష కేంద్రం చూపించు మామా" అన్నారు. ఎలాగూ మెలకువగా ఉన్నారు, ఆకాశం బాగుంది, నేను కాదంటానని అనుకోలేదు పాపం. మన అక్షాంశంలో అర్ధరాత్రి అది ఎప్పుడూ నీడలోనే ఉంటుంది. బ్రిటన్ లాంటి ఉత్తరాది దేశాల్లో జూన్ నెలలో రాత్రంతా చూడవచ్చు, ఎందుకంటే అక్కడ ఆ రోజుల్లో సూర్యుడు నేల అంచు కిందికి పెద్దగా దిగడు. అక్కడివాళ్ళు పెట్టే వీడియోలు చూసి మనం మోసపోకూడదు. ఆ పిల్లలకు ఆ రాత్రి గురుగ్రహాన్ని, దాని చందమామలను బైనాక్యులర్‌లో చూపించి పంపాను.

ఇప్పుడు, నాలుగు రోజులు ఆగితే చూసేవాళ్ళని ఎందుకన్నాను. ఈ కేంద్రం భూమిని ఒక చుట్టు తిరగడానికి సుమారు 93 నిమిషాలు తీసుకుంటుంది, రోజుకు పదిహేనున్నర చుట్లు. దాని కక్ష్య కూడా కొద్దికొద్దిగా పడమటికి తిరుగుతుంటుంది. ఫలితంగా మన ఊరి మీదుగా వెళ్ళే సమయం సగటున రోజుకు 24 నిమిషాల చొప్పున ముందుకు జరుగుతుంది, అంటే అంత తొందరగా వస్తుంది. సగటు అంటున్నాను, రోజువారీగా చూస్తే ఇది గెంతులు వేస్తుంది. వరసగా రెండు మూడు రోజులు 47 నిమిషాల చొప్పున ముందుకు వస్తుంది, తర్వాత ఒక గెంతు వెనక్కి వేస్తుంది. మీ మూడు సమయాలూ చూడండి, 10:40, 9:53, 9:06. సరిగ్గా 47 నిమిషాల మెట్లు. ఈ నడక ప్రకారం మీ మొదటి రాత్రి నుంచి లెక్కిస్తే ఆరో రోజుకో ఏడో రోజుకో అది ఎనిమిది లోపుకు, అంటే ఎండలోకి, వచ్చేస్తుంది.

ఇందుకే ఇది ఒక వారం పది రోజులు సాయంత్రాలు కనిపించి, కొన్నాళ్ళు మాయమై, తర్వాత తెల్లవారుజాముల్లో కనిపిస్తుంది. మొత్తం చక్రం తిరిగి రావడానికి సుమారు రెండు నెలలు. "పోయిన నెల రోజూ కనిపించింది, ఇప్పుడు ఎక్కడికి పోయింది" అని అడిగేవాళ్ళకు కూడా ఇదే జవాబు.

మీరు వాడిన యాప్ గురించి. ఈ యాప్‌లు రెండు రకాలు. ఒక రకం కేంద్రం ఇప్పుడు ఏ ఊరి మీద ఉందో పటంలో చూపిస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఆకాశం చూసేవాడికి ఉపయోగం తక్కువ. రెండో రకం, కంటికి కనిపించే సమయాలు మాత్రమే వడపోసి ఇస్తుంది. నాసా వారి స్పాట్ ద స్టేషన్ ఈ రకం. హెవెన్స్ అబవ్ కూడా చాలా ఏళ్ళుగా నేను వాడుతున్నదే, అందులో కాంతి ఎంతో కూడా అంకె ఇస్తారు. ఆ అంకె తలకిందుల లెక్క, ఎంత తగ్గితే అంత కాంతి. మైనస్ 3 అంటే పండగ, సున్నా అంటే మామూలు చుక్క, 1 దాటితే నేనైతే నిద్ర మానుకోను.

ఊరు ఎంచుకునేటప్పుడు కావలి దొరక్కపోతే కంగారు పడకండి. చెన్నై పెట్టుకున్నా కొంప మునగదు. మీ దగ్గర సమయం అర నిమిషం అటూ ఇటూ అవుతుంది, ఎత్తు ఒక పదీ ఇరవై డిగ్రీలు మారుతుంది. హైదరాబాద్ మాత్రం పెట్టుకోవద్దు, తేడా ఎక్కువవుతుంది. ఫోను సమయం మన దేశపు సమయంలో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. గ్రీనిచ్ సమయం చూసి అయిదున్నర గంటలు తేడాతో డాబా మీద కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. అందులో ఒకరు మా బావమరిది.

జాబితాలో చూడాల్సింది సమయం ఒక్కటే కాదు, గరిష్ఠ ఎత్తు ఎన్ని డిగ్రీలో చూడాలి. నేల అంచు సున్నా, నడినెత్తి 90. నెత్తి మీద ఉన్నప్పుడు అది మనకు 420 కిలోమీటర్ల దూరంలో ఉంటే, పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దూరం మూడున్నర రెట్లయితే కాంతి పన్నెండో వంతుకు పడిపోతుంది. పైగా నేల అంచు దగ్గర దుమ్ము, పొగమంచు, సముద్రపు తేమ, దీపాల వెలుగు అన్నీ అడ్డం. 40 డిగ్రీలకు పైన ఉన్నవే పిల్లలకు చూపించండి. 20 లోపువి వదిలేయండి. మొదటిసారి చూసే పిల్లవాడికి మసక చుక్క చూపిస్తే రెండోసారి డాబా ఎక్కడు.

డిగ్రీలు కొలవడానికి చెయ్యి చాలు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగించి చూస్తే, పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోతే తొమ్మిదింటికి నడినెత్తికి చేరతారు. ఇది సరిగ్గా వస్తోందో లేదో ఉత్తరాన ధ్రువ నక్షత్రంతో పరీక్షించుకోవచ్చు. నెల్లూరు అక్షాంశం పద్నాలుగున్నర డిగ్రీలు కాబట్టి ధ్రువ నక్షత్రం నేల అంచుకు ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తులో ఉంటుంది. మీ అబ్బాయికి ఈ ఆట నచ్చుతుంది.

దిక్కుల విషయంలో మనకు వాస్తు పుణ్యమా అని ఒక సౌకర్యం ఉంది. ఇల్లు కట్టినవాడికెవడికైనా నాలుగు మూలలూ నోటికి వస్తాయి. అంతరిక్ష కేంద్రం మన ఆకాశంలో నడిచే దారులు ఆ మూలల మీదుగానే. నైరుతి నుంచి ఈశాన్యానికి, లేదా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. ఎప్పుడూ పడమటి సగంలో పుట్టి తూర్పు సగానికి పోతుంది, తూర్పు నుంచి పడమరకు రావడం ఉండదు. యాప్‌లో ఎస్‌డబ్ల్యూ అంటే నైరుతి, ఎన్‌డబ్ల్యూ అంటే వాయవ్యం. సాయంత్రం పూట ఆ మూలకు తిరిగి నిలబడండి. మొదట్లో ఏమీ కనిపించదు. అటువైపు ఇంకా సంజె వెలుగు ఉంటుంది, అదీ దూరంగా ఉంటుంది. రెండు పిడికిళ్ళ ఎత్తుకు వచ్చేసరికి చుక్కగా తేలుతుంది. నెత్తి మీదికి వచ్చేకొద్దీ పెరుగుతుంది. నెత్తి దాటి తూర్పుకు కొంచెం వాలినప్పుడే మంచి కాంతి, ఎందుకంటే అప్పుడు సూర్యుడు మన వెనక ఉంటాడు, దాని ఎండ ముఖమంతా మన వైపు తిరిగి ఉంటుంది.

ఆ తర్వాత చాలామంది కంగారు పడే ఘట్టం వస్తుంది. బాగా వెలుగుతున్న చుక్క ఆకాశం మధ్యలోనే కొన్ని సెకన్లలో ఎర్రబడి, మసకబారి, ఆరిపోతుంది. మబ్బు అడ్డం రాలేదు, కూలిపోలేదు. భూమి నీడలోకి వెళ్ళింది. తెల్లవారుజామున దీనికి సరిగ్గా తలకిందులు, ఏమీ లేని చోట చుక్క పుట్టి తూర్పు అంచు దాకా నడుస్తుంది. నేను నీళ్ళలో చూసింది ఆ పుట్టుకనే. నన్నడిగితే వేకువ దర్శనమే గొప్పది, కానీ నాలుగో తరగతి పిల్లవాణ్ణి నాలుగున్నరకు లేపడం మీ ఇంట్లో ఎంత సులభమో నాకు తెలియదు.

మొత్తం మీద నాలుగు నుంచి ఆరు నిమిషాల ముచ్చట. దాని వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైనే. నెల్లూరు నుంచి ఒంగోలుకు మనం బస్సులో రెండు గంటల పైన కూర్చుంటాం కదా, ఆ దూరాన్ని అది పదహారు పదిహేడు సెకన్లలో దాటేస్తుంది.

దేన్ని చూసి పొరపడతారు? అన్నిటికంటే ఎక్కువగా విమానాన్ని. చెన్నై నుంచి ఉత్తరాదికి పోయే విమానాలు మన జిల్లాల మీదుగా పోతూనే ఉంటాయి. ఎర్ర, ఆకుపచ్చ దీపాలు ఉన్నా, మినుకు మినుకుమన్నా అది విమానమే. అంతరిక్ష కేంద్రం మిణకదు, చప్పుడు చేయదు, మలుపు తిరగదు. పూసల దండలా వరసగా పది ఇరవై చుక్కలు పోతే అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు, ప్రయోగించిన కొత్తలో అలా కనిపిస్తాయి. చైనా వాళ్ళ తియాంగోంగ్ అనే కేంద్రం కూడా పైన తిరుగుతోంది. దాని మొదటి భాగాన్ని 2021 ఏప్రిల్‌లో పంపారు. అది కాస్త చిన్నది, కాంతి తక్కువ, దాని దారి మూల నుంచి మూలకు కాకుండా కొంచెం పడమర తూర్పులకు ఒరిగి ఉంటుంది.

శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ పక్కనే ఉండటం వల్ల మనవాళ్ళకు ఇంకో అపోహ ఉంది. ఆకాశంలో కదిలేది ఏదైనా శ్రీహరికోట నుంచి లేచిందే అనుకుంటారు. ఈ కేంద్రం మొదటి భాగం 1998 నవంబరు 20న కజకిస్తాన్‌లోని బైకనూరు నుంచి వెళ్ళింది. షార్ రాకెట్టు రాత్రి పూట లేస్తే మైపాడు తీరం నుంచి దక్షిణాన నారింజ రంగు మంటలా కనిపిస్తుంది, రెండింటికీ పోలికే లేదు.

నా ఘనకార్యం ఒకటి చెప్పి తీరాలి, మీకు పనికొస్తుంది. ఒక సంక్రాంతికి సింగరాయకొండ దగ్గర అత్తగారి ఊళ్ళో ముప్పై మంది బంధువులకు దీన్ని చూపిస్తానని మాట ఇచ్చాను. రెండు వారాల ముందే జాబితా కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. కనుమ నాటి సాయంత్రం అందరినీ మిద్దె ఎక్కించాను. సమయం వచ్చింది, పోయింది. రెండు నిమిషాలు ఆగాం. కింద నుంచి గారెలు, కోడికూర వాసన. "బావ చుక్క కింద వంటింట్లో ఉంది" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వుతూ దిగిపోయారు. చెప్పులు వెతుక్కుంటూ వెనకబడిన మా మేనకోడలు ఒక్కతే నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన చుక్కను చూసి కేక పెట్టింది. మేం మెట్లెక్కి వెళ్ళేసరికి అది నీడలో కలిసింది.

కారణం తర్వాత తెలుసుకున్నాను. అంత ఎత్తున కూడా పలచటి గాలి ఉంటుంది, దాని రాపిడికి కేంద్రం రోజురోజుకూ కొద్దిగా కిందికి దిగుతుంది. అప్పుడప్పుడూ ఇంజిన్లు మండించి తిరిగి పైకి నెడతారు. కక్ష్య ఒక్క కిలోమీటరు పెరిగితే ఒక చుట్టుకు ఒక సెకను పైచిలుకు ఎక్కువ పడుతుంది. రోజుకు పదిహేనున్నర చుట్లు, రెండు వారాలకు రెండు వందల పైన. ఆ సెకన్లన్నీ కలిసి నాలుగు నిమిషాలై నా పరువు తీశాయి. ఏ రోజు చూస్తారో ఆ రోజే జాబితా మళ్ళీ తెరిచి సమయం సరిచూసుకోండి. చెప్పిన సమయానికి అయిదు నిమిషాల ముందు ఎక్కి, అయిదు నిమిషాల తర్వాత దిగండి.

చోటు పెద్ద సమస్య కాదు. ఇది వీధి దీపాల మధ్య, ఊరి నడిబొడ్డున కూడా కనిపిస్తుంది. మీ డాబా చాలు, పక్కింటి నీళ్ళ ట్యాంకు అడ్డం రాకపోతే. కాస్త సరదాగా వెళ్ళాలంటే మీకు కావలి దగ్గర తీరం ఉంది, ఒంగోలు వైపు వాళ్ళకు కొత్తపట్నం ఉంది. తీరంలో తూర్పు అంచు దాకా అడ్డు ఉండదు కాబట్టి వేకువ దర్శనాలకు అది బాగుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానాకాలం, ఆశలు పెట్టుకోకండి. జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా సాయంత్రాలు మేలు.

టెలిస్కోపు ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. కేంద్రం పొడవు 109 మీటర్లు, నెత్తి మీద ఉన్నప్పుడు ఇంచుమించు గురుగ్రహమంత కొలతలో ఉంటుంది. అంటే టెలిస్కోపులో ఆకారం తెలుస్తుంది, కానీ అది పరిగెడుతుంటే గొట్టాన్ని చేత్తో తిప్పుతూ పట్టుకోవాలి. అనుభవం ఉన్నవాళ్ళే తంటాలు పడతారు. డబ్బు పెట్టాలని ఉంటే 10x50 బైనాక్యులర్ కొనండి. దానితో కేంద్రం నీడలోకి పోతూ నారింజ రంగుకు మారడం చక్కగా తెలుస్తుంది, మిగతా రోజుల్లో చందమామ గుంటలు, కృత్తికలు చూసుకోవచ్చు. ఫొటో కావాలంటే ఫోనును కదలకుండా స్టాండుకు బిగించి, రాత్రి ఫొటోల అమరికలో పది నుంచి ముప్పై సెకన్లు తీయండి. తెల్లటి గీత వస్తుంది. మొదటి రోజు మాత్రం ఫోను జేబులో పెట్టి కళ్ళతో చూడండి.

ఇంట్లో పెద్దవాళ్ళు "అది మన మీద పడదు కదా" అని అడిగారని ప్రశ్న చివర్లో రాశారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. 1979 జూలైలో నాసా వారి పాత అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మన మీద పడుతుందన్న పుకారు వచ్చేనాటికి నాకు పదకొండేళ్ళు. మా వీధిలో ఉన్న కోళ్ళన్నీ ఆ వారంలో కూరలయ్యాయి. ఎలాగూ పోతాం, తినేసి పోదాం అన్నది లెక్క. మా నాయన పందెం పుంజును కూడా కోయించాడు. స్కైలాబ్ జూలై 11న హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. పుంజు పోయినందుకు మా నాయన చాలాకాలం నాసాను తిట్టేవాడు. ఇప్పటి కేంద్రాన్ని అలా గాలికి వదిలేయరు. 2030 దాకా నడిపి, ఆ తర్వాత ప్రత్యేక వాహనంతో నెట్టి పసిఫిక్ మహాసముద్రంలో జనసంచారం లేని చోట దించాలని ప్రణాళిక. కాబట్టి భయం కంటే తొందరే అవసరం, మీ అబ్బాయి పదో తరగతికి వచ్చేసరికి అది ఉండకపోవచ్చు.

ఇక బాబు అడగమన్న ప్రశ్న. కింద నుంచి టార్చిలైటు ఊపితే పైవాళ్ళకు కనిపిస్తుందా అని. మామూలు టార్చి కనిపించదు. కానీ ప్రశ్న వట్టిపోలేదు. 2012 మార్చిలో అమెరికాలోని శాన్ ఆంటోనియో ఖగోళ ఔత్సాహికులు పెద్ద పెద్ద దీపాలు, ఒక నీలి లేజరు కేంద్రం వైపు తిప్పి ఆర్పుతూ వెలిగిస్తే, పైన ఉన్న వ్యోమగామి డాన్ పెటిట్‌కు అవి కనిపించాయి. అది ముందుగా లెక్కలు వేసుకుని చేసిన ప్రయోగం. మీరు లేజరు లైట్లు ఆకాశంలోకి తిప్పవద్దు, విమానం నడిపేవాళ్ళ కళ్ళకు ప్రమాదం.

వాళ్ళు మనల్ని చూడకపోయినా, మామూలుగా ఏడుగురు అందులో ఉంటారని బాబుకు చెప్పండి. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా జూన్ 26 నుంచి 18 రోజులు ఉన్నది అక్కడే. రోజుకు పదిహేను పదహారుసార్లు వాళ్ళకు పొద్దు పొడిచి గూకుతుంది. సాయంత్రం చుక్క ఎర్రబడి ఆరిపోతున్నప్పుడు పైన వాళ్ళకు అందులో ఒక సూర్యాస్తమయం జరుగుతోందన్నమాట.

ఈ వారంలో కుదరకపోతే జాబితాలో ఆ రోజు వరుసను, అంటే సమయం, గరిష్ఠ ఎత్తు, మొదలయ్యే దిక్కు, మాయమయ్యే దిక్కు నాలుగూ ఇక్కడే రాయండి. ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెబుతాను. నేను ఎలాగూ నాలుగింటికి లేచే ఉంటాను.